నొప్పి భుజానిది, కారణం ఇంకోచోటిది

దూరం బండి నడిపి వచ్చినవాళ్ళను నొప్పి ఎక్కడ అని అడిగితే చూపించే చోట్లు దాదాపు రెండే. ఒకటి, మెడ పక్కనుంచి భుజం కొసదాకా దిగే కండ. రెండోది, రెక్క ఎముక లోపలి అంచున, వేలితో నొక్కితే ప్రాణం విలవిల్లాడే చోటు. చూపించి అక్కడే జండూబామ్ రాయించుకుంటారు. మళ్ళీ వారం అదే బండి, అదే కూర్చోవడం, అదే నొప్పి.

నేను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మొజంజాహీ మార్కెట్ వెనక సందులో ఇల్లు. అక్కణ్ణుంచి ఆమనగల్లు, కల్వకుర్తి, అచ్చంపేట, అటు దేవరకొండ, నల్లగొండ, అన్నీ మోటార్‌సైకిల్ మీదే. రాజ్‌దూత్‌తో మొదలై హీరో హోండాతో ముగిసిన ఉద్యోగం. పగలు ఎముకల డాక్టర్ల గదుల బయట కూర్చునేవాణ్ణి, సాయంత్రం మెకానిక్ షాపుల్లో నిలబడేవాణ్ణి. భుజం గురించి నాకు తెలిసిందంతా ఆ రెండు చోట్లా విన్నదీ, నా ఒంటిమీద చూసుకున్నదీ. మా వీధి పిల్లలు ఆదివారం శ్రీశైలం వెళ్ళొచ్చి సోమవారం మెడ తిప్పలేక అవస్థ పడుతుంటే చూడలేక ఇవి రాస్తున్నాను.

1. ముందు వేళ్ళ సంగతి చూడండి.

భుజం నొప్పుల్లో చాలావాటికి మొదలు అరచేతిలో ఉంటుంది. గ్రిప్పును గట్టిగా పట్టుకుంటే ముంజేయి బిగుసుకుంటుంది, మోచెయ్యి నిటారుగా తాళం పడుతుంది, భుజాలు చెవుల వైపు లేస్తాయి. బట్టల తాడును ఒక కొసన గట్టిగా గుంజితే ఊగేది అవతలి గుంజే కదా, ఇదీ అంతే. మోచెయ్యి కాస్త వంగి ఉంటే రోడ్డు మీది ప్రతి కుదుపునూ అది మింగేస్తుంది. నిటారుగా ఉంటే ఆ కుదుపు నేరుగా భుజం కీలుకు, అక్కణ్ణుంచి మెడకు చేరుతుంది. సింగిల్ సిలిండర్ బండి అదురు కూడా పట్టు బిగిసే కొద్దీ ఎక్కువ పైకెక్కుతుంది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున పోయే నరం నలుగుతోందని అర్థం.

ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తూ మోచేతులను కొద్దిగా పైకీ కిందికీ ఆడించి చూడండి. ఆడితే సరే. ఆడకపోతే మీరు హ్యాండిల్ తిప్పడానికి పట్టుకోలేదు, పడిపోకుండా వేలాడుతున్నారు. ఒంటిని నిలబెట్టాల్సింది చేతులు కాదు, మోకాళ్ళు. పెట్రోల్ ట్యాంకును మోకాళ్ళతో నొక్కి పట్టండి, నడుం నిలుస్తుంది, చేతులు వాటంతట అవే వదులవుతాయి. నేను కిలోమీటరు రాయి కనిపించినప్పుడల్లా ఊపిరి పూర్తిగా వదిలి భుజాలు కిందికి జార్చేవాణ్ణి. రాళ్ళు వాటి లెక్కన వస్తూనే ఉంటాయి కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

2. హ్యాండిల్ మీ కొలతకు ఉందా?

చొక్కా కొలత తీసుకుని కుట్టించుకుంటాం, చెప్పు వేసుకుని చూసి కొంటాం. హ్యాండిల్‌ను మాత్రం షోరూంలో ఎలా ఉంటే అలాగే ఉంచేస్తాం. ఐదడుగుల మూడంగుళాల మనిషికీ ఆరడుగుల మనిషికీ ఒకే హ్యాండిల్ ఒకే వంపులో ఎలా సరిపోతుంది?

జాంబాగ్ వైపు ఒక ఉస్తాద్ ఉండేవాడు. ఆయన పని తీరు చెబుతాను. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి మనిషిని ఎక్కించేవాడు. కళ్ళు మూసుకోమనేవాడు. చేతులు ఊరికే ముందుకు చాపి, ఎక్కడ హాయిగా ఆగితే అక్కడ ఆపమనేవాడు. ఆగిన చోటుకూ గ్రిప్పుకూ మధ్య దూరం తన వేళ్ళతో కొలిచేవాడు. ఆ తర్వాత హ్యాండిల్‌ను పట్టి ఉంచే క్లాంపుల బోల్టులు నాలుగూ పానాతో వదులు చేసి, హ్యాండిల్‌ను మనిషి వైపు ఒక వేలు మందం తిప్పి, మళ్ళీ కూర్చోబెట్టి చూసి, బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించేవాడు. ఒకేదాన్ని పూర్తిగా బిగిస్తే క్లాంపు ఒక పక్కకు లాగుతుందని చెప్పేవాడు.

అక్కడితో అయిపోలేదు. హ్యాండిల్ తిరిగితే క్లచ్ లివరూ బ్రేక్ లివరూ కూడా తిరుగుతాయి. వాటి స్క్రూలు వదులు చేసి, మోచేతి నుంచి వేలి కొసదాకా ఒకే గీత వచ్చేలా లివర్లను కిందికి వంచేవాడు. లివర్ పైకి ఉంటే ప్రతి క్లచ్‌కూ మణికట్టు వెనక్కి విరగాలి, మోచెయ్యి కిందికి దిగాలి, భుజం ముందుకు రావాలి. రోజంతా అదే పని. చివరిగా హ్యాండిల్‌ను ఎడమ కొసకూ కుడి కొసకూ పూర్తిగా తిప్పి, క్లచ్ వైరు గానీ యాక్సిలేటర్ వైరు గానీ బిగుసుకుంటోందా, గ్రిప్పు ట్యాంకుకు తగిలి వేళ్ళు నలుగుతాయా అని చూసేవాడు. ఈ ఆఖరి తనిఖీ ఎవరు చేసినా, చేయకపోయినా, మీరు చేసుకోండి. ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి.

ఇంత చేసినా అందకపోతే హ్యాండిల్ కింద, దాన్ని ఎత్తు చేసే రైజర్లు వేయించుకోవచ్చు, వైర్ల పొడవు సరిపోతేనే. అందం కోసం మరీ కిందికి ఉండే రేసు హ్యాండిల్ వేయిస్తే ఒంటి బరువంతా మణికట్ల మీద పడుతుంది. మరీ ఎత్తు హ్యాండిల్ వేయిస్తే చేతులు ఎత్తి పట్టుకోవడానికే భుజం కండలు అరిగిపోతాయి. అరచేతులు భుజాల కన్నా కిందుగా, మోచేతులు కాస్త వంగి ఉన్న చోటే మీ చోటు.

3. ఊరు దాటక ముందే ఎడమ భుజం అలసిపోతుంది.

మొజంజాహీ మార్కెట్ చౌరస్తాలో నిలబడి చూస్తే ఇది తెలుస్తుంది. 1935లో కట్టిన మార్కెట్టు ఇది. ఏడో నిజాం రెండో కొడుకు మొజ్జంజా పేరు పెట్టారు. దాని గడియార స్తంభం ముందుకు ఒకవైపు ఆబిడ్స్ నుంచి కార్లు, ఇంకోవైపు నాంపల్లి స్టేషన్ నుంచి ఆటోలు, బేగంబజార్, ఉస్మాన్‌గంజ్ నుంచి సరుకు ట్రాలీలు, తోపుడుబండ్లు వచ్చి కలుస్తాయి. మధ్యలో బండివాడు మొదటి గేరులో, క్లచ్ సగం నొక్కి, అడుగు అడుగు జరుగుతుంటాడు. ఇక్కణ్ణుంచి అఫ్జల్‌గంజ్, నయాపూల్, చాంద్రాయణగుట్ట దాటేలోగా ఎడమ చెయ్యి నొక్కే క్లచ్‌లు శ్రీశైలం దాకా మిగిలిన దారి అంతటా నొక్కేవాటికన్నా ఎక్కువ.

అందుకే ఎడమ భుజం ముందు నొస్తుంది. జనం దాన్ని గుండెనొప్పి అనుకుని భయపడటమో, గాలికి పట్టేసిందని వదిలేయడమో చేస్తారు. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేయండి. క్లచ్ పట్టుకుని నిలబడకండి. క్లచ్ వైరుకు నూనె చుక్కలు వేయించండి, లోపల పోగులు తెగి గరగరలాడుతుంటే వైరు మార్పించండి, పెద్ద ఖర్చు కాదు. లివర్ కొసన కొద్దిపాటి ఆట ఉండాలి. ఇక దూరం వెళ్ళే రోజు తెల్లవారుజామున 5 గంటలకే మార్కెట్ దాటేయండి. అప్పటికి సరుకు బండ్లు ఇంకా రోడ్డెక్కవు.

4. బ్యాగు వీపున ఉండకూడదు.

వీపున బ్యాగు వేసుకుంటే పట్టీలు భుజం ముందు భాగాన్ని వెనక్కి గుంజుతాయి, దాన్ని సరిచేయడానికి మెడ ముందుకు వస్తుంది. హెల్మెట్ బరువు ఎలాగూ ఉంది. నేను శాంపిళ్ళ సంచీని వెనక సీటుకు రబ్బరు తాళ్ళతో కట్టుకునేవాణ్ణి. ఇప్పుడు సీటు మీద కట్టే బ్యాగులు, ట్యాంకు మీద పెట్టే బ్యాగులు అన్నీ దొరుకుతున్నాయి.

ఈ మాట ముఖ్యంగా ఆబిడ్స్ హోటళ్ళ ముందు ఆర్డర్ల కోసం నిలబడే డెలివరీ పిల్లలకు చెప్పాలి. వాళ్ళది శ్రీశైలం దూరం కాకపోయినా పొద్దుటినుంచి రాత్రిదాకా తిరిగేది అంత దూరానికి తక్కువ కాదు. ఆ పెట్టె దించేసే వీలు వాళ్ళకు ఉండదు. అలాంటప్పుడు పట్టీలు వదులు చేసి పెట్టె అడుగు వెనక సీటు మీద ఆనేలా చూసుకోవాలి. బరువు సీటు మోస్తుంది, భుజం దాన్ని పక్కకు పోకుండా పట్టుకుంటే చాలు. పట్టీలు బిగించి పెట్టెను పైకి ఎత్తి కట్టుకున్న పిల్లలను చూస్తే నా భుజమే నొప్పెడుతుంది. ఫోను కూడా తొడ మీద పెట్టుకుని తల వంచి దారి చూడటం మానాలి. హ్యాండిల్ మీద, కళ్ళకు దగ్గరగా ఉండే స్టాండు కావాలి. ఆ స్టాండు ఖర్చు కంపెనీలే పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం.

5. వెనక కూర్చున్నవాళ్ళ బరువు కూడా మీ చేతులకే చేరుతుంది.

చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చుంటే బండి ఆ పక్కకు ఒరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికి నడిపేవాడు తెలియకుండానే ఒక చేతిని ఎక్కువ నెడుతుంటాడు. కల్వకుర్తి దాకా అలా వెళ్తే ఒక భుజం బాగుండి రెండోది నొస్తుంది. ఇందులో వెనక కూర్చున్న ఆమె తప్పేమీ లేదు. దూరం వెళ్ళేటప్పుడు సల్వార్ కమీజ్ వేసుకుని రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చుంటే ఇద్దరికీ సుఖం, ప్రమాదమూ తక్కువ. పట్టుకోవడానికి మీ భుజం కాకుండా వెనక ఉన్న కమ్మీనో మీ నడుమునో చూపించండి. బ్రేకు వేసిన ప్రతిసారీ వాళ్ళు మీ మీదికి రాకుండా ఉండాలంటే మీరు బ్రేకు ముందుగా, మెల్లగా వేయాలి.

పిల్లవాణ్ణి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుంటే మోచేతులు బయటికి పోతాయి. దూర ప్రయాణానికి అలా వద్దే వద్దు.

6. ఆగే చోట్లు ఇంట్లోనే నిర్ణయించుకోండి.

నొప్పి వచ్చాక ఆగుదాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. అప్పటికే కండ బిగిసి ఉంటుంది, పది నిమిషాల్లో వదలదు. ఇక్కణ్ణుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. కడ్తాల్, డిండి, మన్ననూరు, ఈ మూడూ దేవుడు కొలిచి పెట్టినట్టున్న మజిలీలు. తుక్కుగూడ దాటాక దారి బాగుంటుంది కాబట్టి కుర్రవాళ్ళు కడ్తాల్‌లో ఆగరు. అక్కడే ఆగాలి. ఒళ్ళు ఇంకా వేడిగా, హాయిగా ఉన్నప్పుడు తీసుకున్న విశ్రాంతి మన్ననూరులో కనిపిస్తుంది.

ఆగితే ఏం చేయాలి? టీ గ్లాసు పట్టుకుని, తల వంచి ఫోను చూడటం విశ్రాంతి కాదు. మెడ అదే కోణంలో ఉండిపోతుంది. ముందు హెల్మెట్ తీయండి. చేతులు రెండూ ఊరికే వేలాడదీసి విదిలించండి. భుజాలను చెవుల దాకా ఎత్తి, ఐదు లెక్కపెట్టి, ఒక్కసారిగా వదలండి. తర్వాత వెనక్కి గుండ్రంగా తిప్పండి. వెనక చేతులు కలిపి ఛాతీ విప్పండి. గడ్డాన్ని కిందికి దించకుండా వెనక్కి లాగి, రెండు గడ్డాలు వచ్చేలా, కాసేపు ఆపండి. నీళ్ళు తాగండి. టీ తర్వాత.

మన్ననూరు చెక్‌పోస్టు గురించి ఒక మాట. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేటు వేస్తారు. మధ్యాహ్నం బయల్దేరినవాళ్ళు గేటు పడుతుందన్న కంగారులో కడ్తాల్, డిండి రెండూ వదిలేసి, పళ్ళు బిగించి, హ్యాండిల్ బిగించి వస్తారు. ఆ తొందర నేరుగా భుజాల్లోకి పోతుంది. గేటు దాటాక అడవిలో ఎక్కడపడితే అక్కడ ఆపకూడదు కూడా. అందుకే పొద్దున్నే బయల్దేరమనేది.

7. ఘాట్ దిగేటప్పుడు.

దోమలపెంట, ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో ఒంటి బరువు ముందుకు జారుతుంది. సీటు మీద ముందుకు జారి, చేతులు అడ్డం పెట్టి ఆపుకుంటే కొండ కిందికి వచ్చేసరికి మణికట్లూ భుజాలూ రెండూ పోతాయి. సీటులో కొంచెం వెనక్కి జరిగి కూర్చోండి, మోకాళ్ళతో ట్యాంకు పట్టండి, చిన్న గేరులో ఇంజనే బండిని ఆపేలా దిగండి. రెండు బ్రేకులూ కలిపి వాడండి.

8. గాలి, చలి, టైర్లలో గాలి.

విండ్‌షీల్డ్ లేని బండి మీద 80 దాటితే గాలి ఛాతీని వెనక్కి తోస్తుంది, చేతులు దానికి ఎదురు గుంజుతాయి. 65 దగ్గర నడిపితే ఆ లాగుడు చాలా తగ్గుతుంది. డిసెంబరు తెల్లవారుజామున మెడ దగ్గర జాకెట్ తెరిచి ఉంటే కండలు ముడుచుకుంటాయి. మఫ్లర్ కొసలు లోపలికి దోపి చుట్టుకోండి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదే, తలకు సరిగ్గా పట్టేదే కావాలి. వదులుగా ఉంటే గాలికి ఊగుతుంది, ప్రతి ఊపునూ మెడ ఆపుతుంది. బరువని చెప్పి హెల్మెట్ తీసేసేవాళ్ళున్నారు. భుజం నొప్పి మందుతో పోతుంది, తలకు దెబ్బ తగిలితే మనిషే పోతాడు.

టైర్లలో గాలి బండి మీద అంటించిన కాగితంలో ఉన్నంతే ఉండాలి. ముందు టైరులో గాలి తక్కువైనా, హ్యాండిల్ తిరిగే బేరింగులు, అంటే కోన్ సెట్, బిగుసుకుపోయినా బండిని తిప్పడానికి మీరు బలం వాడాల్సి వస్తుంది. ముందు చక్రం లేపి హ్యాండిల్‌ను వేలితో తోస్తే అది రెండు వైపులా మెత్తగా పడిపోవాలి. నడిమధ్యలో గాడిలో పడినట్టు ఆగితే కోన్ సెట్ పోయినట్టే.

9. మెడ విరిపించుకోవద్దు.

క్షౌరం అయ్యాక తల మీద రెండు దెబ్బలు కొట్టి, గడ్డం పట్టుకుని మెడను టక్కుమనిపించడం మన దగ్గర పాత అలవాటు. ఆ చప్పుడు వింటే నొప్పి పోయినట్టు అనిపిస్తుంది. మెడ ఎముకల పక్కనుంచి మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళాలు ఉంటాయి. హఠాత్తుగా తిప్పితే వాటి లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదముంది. మెడను బాగా వెనక్కి వంచి ఉంచినా అంతే. 1993లోనే అమెరికన్ డాక్టర్ ఒకాయన బ్యూటీ పార్లర్లలో తల కడిగించుకున్నాక ఇలా జబ్బుపడిన ఆడవాళ్ళ గురించి వైద్య పత్రికలో రాశాడు. మర్దన చేయించుకోండి, నూనె రాయించుకోండి, మెడ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

పాతబస్తీ పహిల్వాన్ల కట్లు, పుత్తూరు కట్టు మీద మనవాళ్ళకు నమ్మకం ఎక్కువ. ఆ చేతుల్లో నేర్పు లేదని నేననను. పడి తగిలిన దెబ్బ అయితే ముందు ఎక్స్‌రే తీయించుకోండి, అది చూశాకే ఏ కట్టయినా.

మాత్రల సంగతి నా వృత్తిలోది కాబట్టి గట్టిగా చెబుతాను. డైక్లోఫెనాక్ వంటివి పరగడుపున వేసుకోవద్దు. బీపీ, కిడ్నీ, కడుపులో పుండు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా వేసుకోనే వద్దు. కండరాలు సడలించే మాత్రల్లో చాలావాటికి మత్తు ఉంటుంది. అవి వేసుకుని బండెక్కితే కునుకు వస్తుంది. నొప్పి తెలియకుండా చేసి దూరం పోదామని బయల్దేరే ముందు మాత్ర వేసుకోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఆగమని చెప్పే ఒక్క గొంతునూ నొక్కేస్తున్నారు.

10. బండిది కాని నొప్పిని గుర్తుపట్టండి.

ఈ పాఠం చదివి మిగతావి మరిచిపోయినా నాకు సంతోషమే.

బండి వల్ల వచ్చే నొప్పి నడిపితే పెరుగుతుంది, రెండు మూడు రోజుల విశ్రాంతికి తగ్గుతుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, ఎడమ భుజానికో రెండు భుజాలకో దవడకో పాకి, చెమట పట్టి, ఊపిరి ఆడకపోతే అది గుండె. షుగరున్నవాళ్ళకు ఛాతీలో నొప్పి లేకుండా కూడా రావచ్చు. బండి పక్కకు ఆపి 108కి ఫోన్ చేయండి. ఆ సేవ 2005లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇంకో ఐదు కిలోమీటర్లే కదా ఆసుపత్రి అని నడుపుకుంటూ పోకండి.

నూనె భోజనం చేసిన రాత్రి కుడి భుజం వెనక, కుడి రెక్క కింద నొప్పి వచ్చిపోతుంటే అది పిత్తాశయంలో రాయి కావచ్చు. నొప్పి మోచెయ్యి దాటి బొటనవేలిదాకా తీగలా లాగుతూ, తిమ్మిరితో, చేతిలో వస్తువు జారిపోతుంటే మెడలో నరం నొక్కుకుంటోంది.

ఇక షుగరు ఉన్నవాళ్ళకు, నలభై నుంచి అరవై ఏళ్ళ మధ్య ఎక్కువగా వచ్చేది భుజం పట్టేయడం. ఫ్రోజెన్ షోల్డర్ అని దానికి 1934లో కాడ్‌మన్ అనే అమెరికన్ సర్జన్ పేరు పెట్టాడు. తల దువ్వుకోలేరు, వెనక జేబులోంచి పర్సు తీయలేరు, ఆ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర రాదు. గుర్తు ఒకటుంది. మీ చెయ్యి మీరు ఎత్తలేక, ఇంకొకరు ఎత్తినా లేవకపోతే కీలు బిగుసుకుంది. మీరు ఎత్తలేకపోయినా ఇంకొకరు ఎత్తితే లేస్తోందంటే లోపలి కండ చిరిగి ఉండొచ్చు. రెండిటికీ ఎముకల డాక్టరే దిక్కు, రెండిటికీ దూర ప్రయాణాలు ఆపాల్సిందే. పట్టేసిన భుజం నెలల తరబడి సతాయిస్తుంది, కొందరికి రెండేళ్ళూ పడుతుంది. షుగరు అదుపులో పెట్టుకుని, ఫిజియోథెరపీ వదలకుండా చేస్తే చాలామందికి వదులవుతుంది. నిరుత్సాహపడి చేతిని కదపకుండా పెట్టుకుంటే ఇంకా బిగుస్తుంది.

11. తిరిగొచ్చిన రోజు, మర్నాడు.

వేడినీళ్ళ స్నానం, లేదా తడిపిన తువ్వాలును వేడిచేసి మెడ మీద పావుగంట. పడి దెబ్బ తగిలిన భుజానికి మాత్రం మొదటి రెండు రోజులు ఐసే పెట్టాలి, గుడ్డలో చుట్టి. పడుకునేటప్పుడు నొప్పి లేని వైపు తిరిగి, నొప్పి చేతి కింద ఒక దిండు పెట్టుకోండి. చెయ్యి ముందుకు వేలాడితే రాత్రంతా కండ సాగుతూనే ఉంటుంది.

మర్నాడు తలుపు చట్రానికి రెండు ముంజేతులూ ఆనించి, ఒక అడుగు ముందుకు వేసి ఛాతీ సాగేలా అరనిమిషం నిలబడండి. హ్యాండిల్ పట్టుకుని ముడుచుకున్న ఛాతీ కండలు విచ్చుకుంటేనే వీపు కండలకు ఊపిరాడుతుంది. తర్వాత రెండు రెక్కలనూ వెనక ఒకదానికొకటి దగ్గరగా నొక్కి ఐదు లెక్కపెట్టండి, పదిసార్లు. కొత్త ప్రయాణానికి ముందు నెలరోజులు రోజూ చేస్తే ఇంకా మంచిది. ఆదివారం వెళ్ళొచ్చిన బండి సోమవారం ఇంట్లోనే ఉండనివ్వండి. మార్కెట్ నుంచి నడిచి పోయేంత దూరంలో నాంపల్లి, గాంధీభవన్ మెట్రో స్టేషన్లున్నాయి.